మార్నింగ్ షోలో మాత్రమే కనిపించిన సీన్

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. మాట వరసకు అంటున్న మాట కాదిది. కామారెడ్డిలో నేనొక చిన్న యూట్యూబ్ ఛానల్ నడుపుతాను. పాడుబడిన బంగ్లాల్లోకి వెళ్లి భయపడుతున్నట్టు వీడియోలు తీస్తే వ్యూస్ బాగా వస్తాయని చాలామంది సలహా ఇచ్చారు. ఒక్కటీ తీయలేదు. లేనిదాన్ని ఉన్నట్టు చూపించడం నాకు చేతకాదు. నా ఛానల్‌లో ఉండేవి మార్కెట్ ధరలు, జాతరలు, కొత్త సినిమా వస్తే పబ్లిక్ టాక్. అంతే.

అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు ఆగాను. రాయాలని కూర్చున్నప్పుడల్లా నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు. కానీ వీడియో నా ఫోన్లో ఉంది. మాట్లాడినవాళ్లు ఉన్నారు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఆ సినిమా పేరు ఇక్కడ రాయను. చెల్లెల్ని చంపినవాళ్లను ఒక్కొక్కరినే వెతికి పట్టుకుని చంపే లారీ డ్రైవర్ కథ. డ్యూయెట్లు లేవు, కామెడీ లేదు. బురద, నెత్తురు, పళ్లు కొరికే హీరో. ట్రైలర్ వచ్చినప్పటి నుంచి మా కామారెడ్డి పోరగాళ్ల నోట అందులోని డైలాగే. విడుదల రోజు పొద్దున థియేటర్ ముందు కాలు పెట్టే చోటు లేదు. డప్పులు, టపాకాయల పొగ, కటౌట్ మీద పాలు. పాలు పోసేవాళ్ల మీద గులాల్ పడి ఎవరు ఎవరో గుర్తుపట్టేలా లేరు. అలాంటి పొద్దులంటే నాకు ప్రాణం. మైకు పట్టుకుని ఆ జనంలో దూరితే ఆకలి కూడా గుర్తుకురాదు.

ఆ రోజు నాకు ఇంకో సంతోషం కూడా ఉంది. థియేటర్‌వాళ్లు మొదటిసారి లోపల వీడియో తీసుకోనిచ్చారు. ఒకటే షరతు: ఫోను జనం వైపే ఉండాలి, తెర వైపు తిరగకూడదు. నేను తెర కింద ఓ పక్కన నిలబడి, తెరకు వీపు పెట్టి, సినిమా చూస్తున్న ముఖాలను తీయాలి. ఆ వీడియో పెడితే ఎంత బాగుంటుందో తలుచుకుంటేనే కాళ్లు నేల మీద నిలవలేదు.

మా అన్న సాయిలు కూడా వచ్చాడు. మస్కట్ నుంచి సెలవు మీద వచ్చి, ఎల్లారెడ్డిలోని మా ఇంట్లో ఉంటున్నాడు. సినిమాలంటే పెద్దగా పడని మనిషి. ముందు రోజు ఫోన్ చేసి, "నేను గూడ వస్త లావణ్యా, టికెట్ తీస్కో" అన్నాడు. అన్నకు మళ్లీ నలుగురిలోకి రావాలని అనిపించిందేమో అని సంబరపడ్డాను.

ఎందుకంటే అమ్మ పోయినప్పటి నుంచి అన్న మామూలుగా లేడు. అమ్మను మేం అవ్వ అని పిలిచేవాళ్లం. బాపు మా చిన్నప్పుడే పోతే, బీడీలు చేసి, నాట్ల కాలంలో కూలికి పోయి మమ్మల్ని పెంచింది. ఒక సాయంత్రం నాట్లు వేసి నిజాంసాగర్ రోడ్డు మీద నడిచి వస్తుంటే కారు గుద్దేసి పోయింది. ఆ కారు గంగాధర్‌దని ఊరంతా చెప్పుకున్నారు. వరికోత మిషన్లు కిరాయికి ఇచ్చే మనిషి. చూశానన్న ఒకే ఒక సాక్షి తర్వాత చూడలేదన్నాడు. గుర్తు తెలియని వాహనం అని కేసు మూతపడింది. అన్న మస్కట్ వెళ్లిపోయాడు. అక్కడి నుంచి ఎప్పుడు మాట్లాడినా చివరికి అడిగేది ఒకటే: "వాడు ఎట్లున్నడు?"

సినిమా మొదలైంది. హీరో ఎంట్రీకి కాగితాల వాన. మొదటి చావుకు కుర్చీలెక్కి తువ్వాళ్లు తిప్పారు. రెండో చావుకు ఈలలతో నా చెవులు మూసుకుపోయాయి. నేను తెర చూడటం లేదు, కానీ వాళ్ల ముఖాల్లోనే సినిమా మొత్తం కనిపిస్తోంది. ఎర్ర వెలుగు పడితే నెత్తురు, నీలం పడితే వాన. నవ్వు ఆపుకోలేక ఫోన్ వణికించేశాను.

క్లైమాక్స్ ఇటుక బట్టీలో. ఆఖరివాడు దొరికాడు. హీరో కొడవలి ఎత్తినట్టున్నాడు, హాలంతా ఒకటే గొంతు: "ఏసెయ్ అన్నా! ఏసెయ్!" పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్లు కూడా అరుస్తున్నారు. నా ఒళ్లంతా పులకరించింది.

అప్పుడు ఫోన్ తెరలో అన్న కనిపించాడు. అందరూ తెరను చూస్తుంటే అతను తన ముందు వరుసలో ఉన్న ఒక తలను చూస్తున్నాడు. తిరుగుతున్న తువ్వాళ్ల సందులోంచి ఆ మనిషి ముఖం కనిపించగానే గుర్తుపట్టాను. గంగాధర్. అన్న లేచి నిలబడ్డాడు. కుడి చెయ్యి చొక్కా కిందికి పోయింది. అరిచినా ఆ రొదలో ఎవరికి వినబడుతుంది?

సరిగ్గా అప్పుడే హాలు నిశ్శబ్దమైపోయింది.

రొద తగ్గడం కాదు. ఒక్కసారిగా ఏమీ వినబడకుండా పోయింది. స్పీకర్లలో కూడా చప్పుడు లేదు. ఎక్కడో ఒక పసిబిడ్డ ఏడుపు మాత్రం స్పష్టంగా వినిపించింది. తువ్వాళ్లు గాలిలోనే ఆగిపోయాయి. అన్ని ముఖాలూ తెరను చూస్తున్నాయి, నోళ్లు కొద్దిగా తెరుచుకుని ఉన్నాయి. అన్న కూడా తల ఎత్తాడు. అతని చెయ్యి చొక్కా కింద నుంచి మెల్లగా, ఖాళీగా బయటికి వచ్చింది. గంగాధర్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

నేను వెనక్కి తిరగలేదు. అన్న మీద నుంచి చూపు తిప్పితే ఏమవుతుందో అన్న భయం. తర్వాత మళ్లీ డప్పులు, లైట్లు, జనం బయటికి తోసుకుంటూ వచ్చారు.

అన్న కోసం వెతుకుతూనే మైకు పట్టుకున్నాను. మొదట దొరికింది ముఖం నిండా రంగు పూసుకున్న ఒక డిగ్రీ కుర్రాడు. గంతులు వేస్తున్నాడు.

"మస్తుంది అక్కా! జబర్దస్త్! హీరో ఒక్కొక్కన్ని ఏసుడు సూస్తే పానం లేసొచ్చింది. గని లాస్టుల గా పెద్దామె వచ్చి హీరో చెయ్యి వట్టుకుంటది సూడు, గక్కడ నాకు ఏడుపొచ్చింది అక్కా. ఒక్క మాట గూడ అనది. గట్లనే సూస్తది!"

ఎవరా పెద్దామె అని అడిగాను. "ఏమో అక్కా, కొత్తామె. గని యాక్టింగ్ మాత్రం కిరాక్" అని జనంలో కలిసిపోయాడు.

తర్వాత చంటిబిడ్డతో ఉన్న ఒక ఆవిడ. రామారెడ్డి నుంచి భర్తతో వచ్చిందట. ఆమె కూడా అదే చెప్పింది. ఇంకా ఎక్కువ చెప్పింది.

"మా నాట్లేసేటోళ్ల లెక్కనే ఉన్నది వదినా. పచ్చచీర మీద మగోళ్ల నీలం గళ్ల అంగి ఏసుకున్నది. జేబు కాడ ఎర్రదారం తోటి కుట్టుకున్నది. సినిమాలల్ల అసొంటోళ్లను ఎవలు సూపిస్తరు చెప్పు?"

అది అన్న స్కూలు చొక్కా. పొలానికి పోయేటప్పుడు అమ్మ చీర మీద వేసుకునేది. చిరిగిన జేబుకు ఎర్రదారంతో కుట్లు వేసింది నేను.

అన్న బండి దగ్గర నిలబడి ఉన్నాడు. ఏమీ అడగనివ్వలేదు. ఎల్లారెడ్డి దారి పట్టాం. తాడ్వాయి దాటాక రోడ్డు పక్కన ఆపి, నడుము దగ్గర నుంచి తువ్వాలులో చుట్టిన కత్తి తీసి నా చేతిలో పెట్టాడు.

"వాడు మార్నింగ్ షోకు వస్తడని తెలుసు. అందరు ఒర్రుతున్నప్పుడు ఏద్దామనుకున్న. ఎవలికి తెల్వదు గదా అనుకున్న."

"మరి?"

"అవ్వ వచ్చింది. హీరో చెయ్యి వట్టుకున్నది. నా చెయ్యి జిల్లుమన్నది లావణ్యా. నువ్వు సూడలేదా?"

లేదన్నాను. అతను కుడి చెయ్యి చాపి వాసన చూడమన్నాడు. తంబాకు. హాల్లో ఎవరో బీడీ కాల్చి ఉండొచ్చు అనుకోవడానికి ప్రయత్నించాను. కానీ కాల్చిన పొగ వాసన వేరు, పచ్చి తంబాకు వాసన వేరు. ఆ వాసనలో పెరిగినవాళ్లకు ఆ తేడా చెప్పక్కర్లేదు. అన్న బీడీ ముట్టడు.

అక్కడే, లారీలు పోతుంటే, ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. విచిత్రమేమిటంటే, అందులో దుఃఖం కన్నా ఏదో సంబరమే ఎక్కువ. అన్న చేతికి నెత్తురు అంటలేదు.

నాకు మాత్రం ఆ సీన్ చూడాలి. ఎల్లారెడ్డి చేరగానే అక్కడి థియేటర్‌లో మ్యాట్నీకి పరుగెత్తాను. ఈసారి అందరిలాగే తెరకు ఎదురుగా కూర్చున్నాను. ఇటుక బట్టీ వచ్చింది. కొడవలి లేచింది. జనం "ఏసెయ్" అని అరిచారు. హీరో ఏసేశాడు. డప్పుల మోతతో హాలు దద్దరిల్లింది, ఈలలు, కాగితాలు. ఏ పెద్దామె కూడా రాలేదు. ఎవరూ ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. బయట కనిపించిన ప్రతి ఒక్కరినీ అడిగాను. "గా సీన్ ఎక్కడున్నదక్కా? నువ్వు ఏరే సినిమా సూసినట్టున్నవ్" అని నవ్వారు.

కామారెడ్డి థియేటర్ ఆపరేటర్‌కు ఫోన్ చేశాను. మధ్యలో సౌండ్ ఏమైనా ఆగిందా అని అడిగాను.

"ఆగలే అక్కా. నేను మిషన్ కాడనే ఉన్న. ఫస్ట్ రోజు సౌండ్ ఆగితే కుర్చీలు ఉంచుతరా మనోళ్లు?"

పొద్దు గూకకముందే ఇంటికి వచ్చాను. అన్న వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. కాసేపటికి గేటు దగ్గర ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. గంగాధర్. బండి లేదు, వెంట ఎవరూ లేరు. చెప్పులు కూడా లేవు. దారిలో అన్న ఇచ్చిన కత్తిని వేసుకున్న నా సంచి ఇంకా మంచం కోడుకే తగిలించి ఉంది.

అతను లోపలికి రాలేదు. గేటు పట్టుకునే మాట్లాడాడు.

"సాయిలూ, పొద్దుగాల మీ అవ్వను సూసిన. తెర మీద. ఆమె హీరోను సూడలే, నా దిక్కే సూసింది." మా ఇంటి గడప వైపు చూశాడు. మళ్లీ అందుకున్నాడు. "ఆ పొద్దు కారు నేనే నడిపిన. ఫోన్ సూస్కుంట నడిపిన. తల ఎత్తేసరికి లైట్ల ఎలుగుల గదే అంగి కనవడ్డది. దిగలే. భయమై ఉరికిన. నన్ను ఏమన్న చెయ్యి."

అన్న లేచాడు. నేను సంచి లాక్కుని గుండెకు అదుముకున్నాను. కానీ అన్న సంచి వైపు చూడనే లేదు. బండి దగ్గరికి నడిచి స్టార్ట్ చేశాడు.

"ఎక్కు. టేషన్‌కు పోదాం. ఈ మాట ఆడ చెప్పు."

ఇద్దరూ ఒకే బండి మీద వెళ్లారు. మా గల్లీలో అందరూ బయటికి వచ్చి నోరు తెరుచుకుని చూశారు. కొట్టుకుంటారేమోనని కొందరు వెనకే ఉరికారు. అన్న తిరిగి వచ్చేసరికి వంట అయింది. అమ్మ పోయాక మొదటిసారి మారు అన్నం పెట్టమని అడిగాడు.

కేసు మళ్లీ తెరిచారు. గంగాధర్ చెప్పిన మాట వెనక్కి తీసుకోలేదు. కోర్టు నడుస్తోంది. అన్న సెలవు పొడిగించుకుని ప్రతి వాయిదాకూ వెళ్తున్నాడు.

నేను ఎన్ని విధాలుగా ఆలోచించినా దారి దొరకలేదు. అన్న భ్రమపడ్డాడంటే, మా అమ్మను ఏనాడూ చూడని రామారెడ్డి ఆవిడ ఆ చొక్కా సంగతి ఎలా చెప్పింది? అందరూ ఒకేసారి భ్రమపడ్డారంటే, నా వీడియోలో కూడా ఆ కాసేపు స్పీకర్ల చప్పుడు ఎందుకు లేదు? తెలిసినవాళ్లు చెబితే వింటాను. నాకు మాత్రం ఇప్పటికీ అంతుపట్టలేదు.

బయట తీసిన పబ్లిక్ టాక్ మాత్రం ఛానల్‌లో పెట్టాను. కింద కామెంట్లే కామెంట్లు. తమ ఊళ్లో ఆ సీన్ కట్ చేశారని కొందరు థియేటర్‌వాళ్లను తిట్టారు. ఎవరా నటి అని కొందరు అడిగారు. బిచ్కుంద నుంచి ఒకాయన రాశాడు: "ఆ పెద్దామె సీన్ కోసమే మళ్ల పోయి సూసిన చెల్లె, లేదు. ఏ థియేటర్ల నడుస్తున్నదో చెప్పు, ఎంత దూరమైన పోయి సూస్త."

ఆయనొక్కరికే జవాబు రాశాను. "తెలిస్తే చెప్పు అన్నా, నేను గూడ వస్త."