ప్రీహీటర్ లోపల తాత గొంతు

ఆ రోజుల్లో సోలాపూర్‌లో ఉద్యోగం దొరకడమంటే చొక్కా మురికయ్యే చోటొకటి దొరకడమే. పాలిటెక్నిక్ ముగించి, జోడ్‌భావి పేట్‌లో మా ఇంటి వెనక ఉన్న తువ్వాళ్ళ అద్దకం కార్ఖానాలో బాయిలర్ దగ్గర చేరాను. మగ్గాల చప్పుడు తప్పించుకుని పెద్ద ఇంజనీరునయ్యానని నా భ్రమ. (అమ్మ మాత్రం చుట్టాలందరికీ "మావోడు నీళ్ళు కాగబెట్టే కొలువుల ఉన్నడు" అని చెప్పేది. అది అక్షరాలా నిజం.)

ఆ బాయిలర్‌కు ఎయిర్ ప్రీహీటర్ ఉండేది. చిమ్నీకి పోయే వేడి పొగ ఊరికే పోకుండా ఇనుప గొట్టాల వరుసల్లోంచి సాగుతుంది. బయటి గాలి ఆ గొట్టాల చుట్టూ తిరిగి, వెచ్చబడి, పొయ్యిలోకి వెళ్తుంది. అలా వెచ్చటి గాలి అందితేనే బొగ్గు బాగా మండుతుంది. అయితే చల్లగాలి మొదట తగిలే కొసన పొగకు చెమట పడుతుంది. ఆ చెమట ఇనుమును తినేస్తుంది. ఆ వేసవిలో మా గొట్టాలు అలాగే చిల్లులు పడి, పొయ్యికి అందాల్సిన గాలి చిమ్నీలోకి జారిపోసాగింది. మంట నీరసించింది, ఆవిరి చాలలేదు, ఎర్రగా దిగాల్సిన తువ్వాళ్ళు వెలిసిన గులాబీ రంగులో వచ్చాయి. ఇట్లాగే ఉంటే కార్ఖానా మూసేస్తానన్నాడు సేఠ్. మూస్తే మా గల్లీలో సగం ఇళ్ళ పొయ్యిలు ఆరిపోతాయి.

బాయిలర్ చల్లార్చారు. గాలి తోసే ఫ్యాన్‌ను కూడా మరమ్మతుకు విప్పి తీసుకెళ్ళారు. టార్చితో ప్రీహీటర్ లోపలికి దూరి చిల్లులున్న గొట్టాలకు సుద్దగీత పెట్టే పని నాది. దూరబోతుంటే మరమ్మతులు చూసే మిస్త్రీ కాకా నోట్లోంచి బీడీ తీసి, లోపల ఎవరైనా పిలిస్తే పలకొద్దని మెల్లగా చెప్పాడు. (కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆయన అదే చెబుతాడని తర్వాత తెలిసింది.)

లోపల మధ్యాహ్నం లేదు. మసి మీద పాకుతున్న నా అరచేతుల చప్పుడు నాకంటే ముందే ఎటో వెళ్ళి తిరిగొచ్చేది. కాసేపటికి పొగాకు వాసన తగిలింది. అంతకు ముందు ఏడాది పోయిన తాత చొక్కా వాసన సరిగ్గా అదే. ఆ వెంటనే ఇనుము లోపలి నుంచి కత్తెర ఆడుతున్న చప్పుడు, ఎవరో సన్నగా నిట్టూర్చినట్టు గాలి. నాకు తుమ్మొచ్చింది. తర్వాత "ఎవరది?" అన్నాను. ఆ గొట్టాల మధ్య నా గొంతు నాది కాలేదు. బొంగురుగా, ముసలిగా దొర్లుకుంటూ పోయింది. కత్తెర ఆగింది.

"నువ్వేనా?" అందొక ఆడగొంతు. "గింత దూరమొచ్చినవు. ఒక్క మాట మాట్లాడి పో."

అది మా నాయనమ్మ. అప్పుడు వెలిగింది నాకు. ఫ్యాన్ లేదు కాబట్టి గాలి పీల్చే దారి నేరుగా మా ఇంటి వెనక గల్లీ గోడలోని ఇనుప జాలీ దాకా తెరుచుకుని ఉంది. ఫ్యాన్ తిరిగేటప్పుడు అటు లాగే గాలికోసం ఆమె రోజూ ఆ జాలీ పక్కనే కూర్చుని, ఆకులు కత్తిరించి బీడీలు చుట్టేది. నేనే నాయినమ్మా అనబోయాను.

"నీ మగ్గం నేనే ఊడబీకిచ్చిన," అందామె. "పొలగాండ్ల పవర్‌లూమ్‌కు జాగ లేకుండె. అప్పటిసంది నాతోని మాట్లాడకనే పోతివి. ఇంకా కోపమున్నదా?"

నన్ను తాతనుకుంది. టార్చి ఆర్పేశాను, ఎందుకో తెలియదు. "లేదు" అన్నాను. వేరే ఒక్క అక్షరం కూడా అనలేదు. వెనక్కి పాకి బయటపడితే, మసిలో కళ్ళు మాత్రమే కనిపిస్తున్న నన్ను చూసి మిస్త్రీ కాకాయే ఒకడుగు వెనక్కి వేశాడు.

చిల్లులున్న గొట్టాలకు రెండువైపులా ఇనుప బిరడాలు కొట్టాం. ఫ్యాన్ వచ్చింది, మంట లేచింది, తువ్వాళ్ళు మళ్ళీ ఎర్రగా దిగాయి. కానీ నేను లోపలికి దూరిన రోజు సాయంత్రం భోజనాల దగ్గర నాయనమ్మ, అమ్మకు చెబుతోంది. తాత వచ్చాడట. కోపం లేదన్నాడట. నేను తల వంచుకుని అన్నం కలుపుతున్నాను.

"పోయేటప్పుడు, ఎండ మీదికొచ్చింది, నీడకు జరుగు గువ్వా అన్నడు," అందామె. "పెండ్లయిన కొత్తల పిలిచేటోడు గట్ల. నేనూ మరిచిపోయిన పేరు."

నేనన్నది "లేదు" అన్న ఒక్క మాటే. ఆ పేరు నేనెన్నడూ వినలేదు. లోపలున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇప్పుడు నాకు జుట్టు నెరిసింది, నా కింద కుర్ర ఇంజనీర్లున్నారు. ఎక్కడ ప్రీహీటర్ తెరిచినా ముందు నేనే దూరతాను. టార్చి ఆర్పి కాసేపు కూర్చుంటాను. బయటికి వచ్చాక "లీకేజీ ఏమైనా కనబడిందా సార్?" అని వాళ్ళు వినయంగా అడుగుతారు. "ఏమీ వినబడలేదయ్యా" అంటాను. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.