కార్డు మీద పచ్చచుక్క

నర్సుగా చేసిన ముప్పై నాలుగేళ్ళలో గ్లెనిస్ పెన్హాల్ ముక్కు మూడుసార్లు విరిగింది. మొదటిసారి, గొర్రెల ఉన్ని కత్తిరించే మనిషొకడు తప్పతాగి వచ్చి, కుట్లు వేయించుకుంటూ తల విసురుగా విదిలించాడు. రెండోసారి మతి తప్పిన ఓ ముసలాయన ఆమెను తనని వదిలేసి పోయిన రెండో పెళ్ళాం అనుకుని, మంచం పక్కనున్న స్టీలు గిన్నెతో మొహం మీద బాదాడు. ఆ రెండు సంగతులూ పబ్బులో కూర్చుని నవ్వుతూ చెప్పేది. మూడోదాని గురించి ఎవరైనా కదిపితే మాత్రం గ్లాసు సగంలోనే వదిలేసి ఇంటికి నడిచేది.

ఆమె ఆ గని ఊళ్ళోనే పుట్టింది. ఊరి నడుమ గనిలోంచి తవ్విపోసిన నల్లదిబ్బ, దాని చుట్టూ రేకుల ఇళ్ళు, ఆ ఇళ్ళు దాటితే చూపు ఆనినంత మేర ఎర్రనేల. తండ్రి సీసం గనిలో పాతికేళ్ళు చేసి, రక్తం కక్కుకుంటూ పోయాడు. మొగుడు సముద్రం చూడాలని వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. ఆమె రెండు కుక్కలతో మిగిలింది. ఆరడుగుల మనిషి, గని కూలీల భుజాలు, గరుకు గొంతు. ఆసుపత్రిలో ఎవడైనా చెయ్యెత్తితే డాక్టర్లు పోలీసులకంటే ముందు గ్లెనిస్‌ను పిలిచేవాళ్ళు.

ఫ్లూ సూది ఆమె ఏనాడూ వేయించుకోలేదు. "ముప్పై ఏళ్ళుగా ఈ ఊరి దగ్గంతా నా మొహం మీదే పడింది. నాకింక కొత్తగా పట్టేదేముంది?" అనేది. వద్దన్నా ఎవరూ బలవంతపెట్టేవాళ్ళు కాదు.

ఓ ఏడాది ఆగస్టులో, అక్కడ చలికాలం ముదిరే నెలలో, ఒళ్ళు కాలిపోతున్నా రెండు మాత్రలు మింగి పనికొచ్చింది. ఆ వారం ముసలివాళ్ళ వార్డులో ఇద్దరు నర్సులు తక్కువ. ఆ రోజే ఆల్బీ రస్క్ అనే ముసలాయనకు ఒళ్ళు తుడిచి గడ్డం గీసింది. ఆయన ఆమె తండ్రితో కలిసి గనిలో చేసినవాడు. నాలుగో రోజుకు ఆయనకు జ్వరం తగిలింది. ఆరో రోజున ఊపిరందక, మంచం మీద గిలగిల కొట్టుకుంటూ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గోళ్ళు దిగబడి రక్తం వచ్చింది. గుండె ఆగింది. ఆమె మంచమెక్కి రెండు చేతులతో ఛాతీ నొక్కింది. పక్కటెముకలు ఆమె అరచేతుల కింద ఎండుపుల్లల్లా పటపట విరిగాయి. అయినా నొక్కింది. డాక్టరు చేతులు పట్టి ఆపేదాకా నొక్కుతూనే ఉంది. ఆ వారంలో ఆ వార్డులో మరో ఇద్దరు పోయారు.

ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. చూడవచ్చినవాళ్ళ నుంచి వచ్చిందేమో, పక్క మంచం నుంచి వచ్చిందేమో, ఎవరు చెప్పగలరు? గ్లెనిస్ మాత్రం అది తన నుంచేనని తేల్చేసుకుంది.

మరుసటి ఏప్రిల్లో ఆసుపత్రి కొత్త నియమం పెట్టింది. జూన్ ఒకటికల్లా ఆసుపత్రిలో పనిచేసే ప్రతి ఒక్కరూ ఫ్లూ సూది వేయించుకోవాలి. వేయించుకోనివాళ్ళను చలికాలమంతా రోగులకు దూరంగా, రికార్డుల గదిలో కూర్చోబెడతారు. వేయించుకున్నవాళ్ళ ఐడీ కార్డు మీద పచ్చచుక్క అతికిస్తారు. రోగుల బంధువులకు కంటికి కనబడాలని. నర్సుల పెద్ద ఫిలిపా లాథమ్ మీటింగులో సూదులు ఎవరు వేస్తారని అడగగానే గ్లెనిస్ చెయ్యెత్తింది. అందరూ వెనక్కి తిరిగి చూశారు.

ఆ తర్వాత ఆమె ఆసుపత్రిలో మనుషుల్ని వేటాడింది. వంటింట్లో పట్టుకుంది, కారు తలుపు దగ్గర పట్టుకుంది.

వార్డులో మంచాలు తోసే టెడ్ మునారో మెట్ల కింద దాక్కుంటే కాలరు పట్టి బయటికి లాగింది.

"నాకు సూదంటే కళ్ళు తిరుగుతాయి గ్లెన్."

"శవాల్ని తోసుకెళ్ళేటప్పుడు తిరగని కళ్ళు ఇప్పుడెందుకు తిరుగుతాయిరా? చొక్కా పైకి లాగు."

"నువ్వు ముప్పై ఏళ్ళు వేయించుకోలేదుగా, ముసలిదానా!"

ఆ మాటకు ఆమె మొహం మారిపోయింది. సూది కొంచెం లోతుగానే దింపింది. ఎవరైనా వాదించబోతే ఆల్బీ పక్కటెముకలు ఒక్కొక్కటీ ఎట్లా విరిగాయో, ఎదుటివాళ్ళ మొహం పాలిపోయేదాకా వర్ణించి చెప్పేది. ఐదు వారాల్లో ఒక్కరు తప్ప అందరూ వేయించుకున్నారు.

ఆ ఒక్కరు ఎమర్జెన్సీలో చేసే కెరిన్ హోస్కిన్. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల. చేతులు చురుకైనవి, మాటలు తక్కువ. మే నెల ఆఖరి రోజు మధ్యాహ్నం తనే వచ్చి, తలుపు మూసి, కుర్చీలో కూర్చుంది.

"వేసెయ్ గ్లెన్. పుస్తకంలో రాసుకో. కానీ చుక్క మాత్రం అతికించకు."

"అదేం బేరం తల్లీ?"

కెరిన్ గొంతు తగ్గించి చెప్పింది. మూడేళ్ళ కిందట కడుపుతో ఉండగా ఇదే సూది వేయించుకుంది. పదో రోజున బిడ్డ పోయింది. దానికీ దీనికీ సంబంధం లేదని డాక్టర్లంతా చెప్పారు. ఆమె నమ్మింది. మొగుడు డేల్ నమ్మలేదు.

"ఇంకోసారి నీ ఒంట్లోకి సూది దిగితే నిన్నూ, దింపినవాళ్ళనీ చంపుతా అన్నాడు."

"కోపంలో ఎవడైనా అంటాడు."

"రోజూ నా సంచీ వెతుకుతాడు. కార్డు తిప్పి తిప్పి చూస్తాడు."

"అయితే సూది మానేసి రికార్డుల గదికి పో."

"అక్కడ వాడి అక్క ఉంది. ఎవరితో మాట్లాడానో అన్నీ మోస్తుంది. ఎమర్జెన్సీలో ఉండే ఆ ఎనిమిది గంటలే నాకు ఊపిరి, గ్లెన్."

కెరిన్ చొక్కా చెయ్యి పైకి లాగింది. మోచేతికి పైన పసుపు తిరిగిన మచ్చలు, వరసగా నాలుగు. పక్కన బొటనవేలి అచ్చు. ముప్పై నాలుగేళ్ళ అనుభవం ఉన్న నర్సు అవేమిటని అడగక్కర్లేదు. గ్లెనిస్ చూసింది. ఆ మచ్చలకు బెత్తెడు పైన సూది దింపింది. దూది నొక్కింది.

"ఒకరికి మినహాయిస్తే రేపు పదిమంది వచ్చి కూర్చుంటారు. చుక్క లేకుండా ఎవరూ రోగి మంచం దగ్గరికి పోవడానికి వీల్లేదు. రూలంటే రూలే," అంటూ కెరిన్ మెడలోని కార్డు తీసుకుని, చుక్క అతికించి, బొటనవేలితో గట్టిగా నొక్కింది.

కెరిన్ లేచింది. చొక్కా సర్దుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున పదింటికి పక్కింటావిడ కెరిన్‌ను కారు వెనక సీట్లో పడుకోబెట్టి తెచ్చింది. టెడ్ బండి తోసుకొస్తూ, "గ్లెన్, త్వరగా రా, మన పిల్లే," అని అరిచాడు.

ఎడమ చెంప ఎముక లోపలికి పోయింది, దవడ విరిగి పక్కకు ఒరిగింది. ఆ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ముందు పళ్ళు మూడు లేవు. కుడి భుజం చుట్టూ కట్టిన తువ్వాలు రక్తంతో తడిసి బరువెక్కింది. గ్లెనిస్ తువ్వాలు విప్పింది. సూది వేసిన చోట కండ చీలి, లోపలి తెల్లటి పొర కనిపిస్తోంది.

"మందు బయటికి తీస్తానన్నాడు," అంది కెరిన్, ముందు పళ్ళు లేని నోటితో. "కూరగాయలు కోసే కత్తితో. పిండాడు కూడా."

గ్లెనిస్ చేతులు ఆగాయి.

"చుక్కను గోటితో గీకి నాతో మింగించాడు."

గ్లెనిస్ గాయాన్ని కడగడం మొదలుపెట్టింది. డాక్టరు మత్తుమందు తేవడానికి లోపలికి వెళ్ళాడు. అప్పుడే వాకిట్లో బండి కీచుమని ఆగింది. అద్దం పగిలిన చప్పుడు. ఎవరో కెవ్వుమన్నారు.

"సూది వేసిన ముసల్దెవత్తే? బయటికి రా!"

కారు చక్రాల బోల్టులు విప్పే ఇనపకడ్డీ చేతిలో పట్టుకుని డేల్ వచ్చాడు. గనిలో రాళ్ళు పగలగొట్టే చేతులు. చొక్కా నిండా పెళ్ళాం రక్తం. అడ్డొచ్చిన కుర్చీని తన్నాడు. మందుల బండిని తోసేశాడు. సీసాలు నేలంతా పగిలాయి.

గ్లెనిస్ కెరిన్ మంచం చుట్టూ తెర లాగేసి, బయటికొచ్చి నిలబడింది.

"నేనే వేశాను."

"నా బిడ్డను చంపింది చాల్లేదా మీకు?"

"నీ బిడ్డను ఎవరూ చంపలేదు. నీ పెళ్ళాన్ని నువ్వు చంపబోయావు. ఆ కడ్డీ కింద పెట్టు డేల్."

అతను పెట్టలేదు. మొదటి దెబ్బకు అడ్డం పెట్టిన ఆమె కుడి ముంజేయి రెండుగా విరిగింది. ఆ చప్పుడు గదిలో అందరికీ వినిపించింది. రెండో దెబ్బ ముక్కు మీద పడింది. నోట్లోకి వేడిగా రక్తం దిగింది. టెడ్ వెనకనుంచి డేల్ మెడ పట్టుకుని వేలాడాడు. డేల్ అతన్ని మోచేత్తో పొడిచి గోడకు తోసి, కడ్డీతో చెవి మీద కొట్టాడు. టెడ్ గోడకు జారి కూలబడ్డాడు.

గ్లెనిస్ ఎడమచేతికి గోడవారనున్న చిన్న ఆక్సిజన్ సిలిండర్ తగిలింది. దాన్ని మెడ దగ్గర పట్టుకుని, నడుం తిప్పి, కింది నుంచి ఊపి కొట్టింది. డేల్ మోకాలు పక్కకు మడతపడింది. గొడ్డులా అరుస్తూ కూలాడు. కడ్డీ వదల్లేదు. ఆమె ఆ చేతి మీద కొట్టింది. వేళ్ళు చితికి కడ్డీ దొర్లిపోయింది. ఇంకోసారి కొట్టింది. ఆ దెబ్బ అవసరం లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా కొట్టింది. సిలిండర్ ఈసారి అతని తల మీదుగా పైకి లేచింది.

తెర సందులోంచి కెరిన్ ఒంటికన్ను ఇటే చూస్తోంది. ఆపమనలేదు. కొట్టమనలేదు.

టెడ్ నేల మీద పాకుతూ వచ్చి గ్లెనిస్ చీలమండ పట్టుకున్నాడు. "వాడు పడిపోయాడే, గ్లెన్. పడిపోయాడు. ఇంక దించు."

ఆమె దించింది. డేల్ వెల్లకిలా పడి, కక్కుకుని, అది గొంతులో అడ్డుపడి గురగురలాడుతున్నాడు. గ్లెనిస్ మోకాళ్ళ మీద కూర్చుని, విరగని చేత్తో అతన్ని పక్కకు తిప్పి, నోట్లో వేలు పెట్టి శుభ్రం చేసింది. ఆమె ముక్కులోంచి కారిన రక్తం అతని చెంప మీద పడుతూనే ఉంది. పోలీసులు వచ్చేదాకా అట్లాగే పట్టుకుని కూర్చుంది.

కోర్టు డేల్‌కు ఏడేళ్ళు వేసింది. ఊరు గ్లెనిస్‌ను ఆకాశానికెత్తింది. పబ్బులో అడుగుపెడితే "సిలిండర్ గ్లెన్ వచ్చింది, లేవండ్రోయ్!" అని బల్లలు చరిచేవాళ్ళు. రెండుసార్లు భరించి, మూడోసారి నుంచి వెళ్ళడమే మానేసింది.

అంతకు చాలా ముందే, విరిగిన చేతి ఎముకకు లోహపు ప్లేటు వేసిన నాలుగో రోజున ఆమె కెరిన్ మంచం దగ్గరికి వెళ్ళింది. కెరిన్ దవడకు తీగలు కట్టి ఉన్నాయి. మాటలు పళ్ళ సందుల్లోంచి వస్తున్నాయి.

"ఆ చుక్క నేను అతికించకుండా ఉండాల్సింది," అంది గ్లెనిస్.

"అవును."

"నీ చేతి మీద మచ్చలు చూశాను. చూసి కూడా అతికించాను."

"తెలుసు. నువ్వు చూడ్డం నేను చూశాను."

బయట చెట్ల మీద గులాబిరంగు కాకతువ్వలు గోల చేస్తున్నాయి.

"నువ్వు చెడ్డదానివి కాదు గ్లెన్," అంది కెరిన్. "వాణ్ణి నా మంచం దాకా రానివ్వలేదు. అది మర్చిపోను. ఆ చుక్కను కూడా మర్చిపోలేను. ఇంక నా దగ్గరికి రాకు."

గ్లెనిస్ తలూపి వెళ్ళిపోయింది. నెలన్నర తర్వాత కెరిన్ సముద్రతీరాన ఉన్న అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడొక ఆసుపత్రిలో చేరిందని టెడ్ ద్వారా తెలిసింది. ఒక్క ఉత్తరం కూడా గ్లెనిస్‌కు రాలేదు. ఆమె ఎదురు చూడలేదు.

కట్టు విప్పిన రోజే ఆమె ఫిలిపా లాథమ్ గదికి వెళ్ళింది.

"సూది ఉండాల్సిందే ఫిలిపా. సూది వద్దని నేననను. ఆల్బీని చంపింది నేనే, నాకు తెలుసు. కానీ ఆ చుక్క ఎందుకు?"

"రోగుల బంధువులు చూసుకుంటారు. వాళ్ళకొక నమ్మకం. నియమం పై నుంచి వచ్చింది. నేను ఒక్కదాన్నే మార్చలేను."

"పిల్ల ఒంట్లో ఏముందో ఊరంతటికీ కనబడేలా మెళ్ళో కట్టి తిప్పాలా? దానివల్ల ఒక దవడ విరిగింది. ఇంకెన్ని విరగాలి?"

"ఇందులో ఆసుపత్రి తప్పు లేదని విచారణలో..."

గ్లెనిస్ ఆమెను ముగించనివ్వలేదు. తన గదికెళ్ళి చుక్కల చుట్టలన్నీ పట్టుకొచ్చింది. వాడిన సూదులు పారేసే పసుపు డబ్బా గోడకు ఉంటే, ఫిలిపా చూస్తుండగానే ఒక్కొక్క చుట్టా అందులో పడేసింది. ఆ డబ్బాలో పడ్డదాన్ని ఎవరూ చెయ్యి పెట్టి తీయకూడదు. అది కూడా రూలే. దానికి ఆమెకు హెచ్చరిక ఉత్తరం వచ్చింది. సంతకం పెట్టి తీసుకుంది. వంటింటి వాళ్ళ నుంచి ఎమర్జెన్సీ వాళ్ళ దాకా నూట పన్నెండు మంది కార్డుల మీద చుక్కలు తామే పీకేసి ఫిలిపా బల్ల మీద అతికించి పోయారు. మరుసటి ఏడాది చుక్కలు ఆగిపోయాయి. ఎవరు వేయించుకున్నారన్నది కంప్యూటర్లో ఇద్దరికి తప్ప కనబడకుండా పెట్టారు.

మళ్ళీ ఏప్రిల్ వచ్చింది. సూదులు తనే వేస్తానంది గ్లెనిస్. చలి పొద్దుల్లో ప్లేటున్న చెయ్యి సలిపేది. ముక్కు ఎడమకు ఒరిగి, ఊపిరి పీల్చినప్పుడల్లా సన్నగా ఈల వేసేది. ఇప్పుడామె ఎవరినీ మెట్ల కింద నుంచి లాగలేదు. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, తలుపు మూసి, సూది వేయకముందే ఒక మాట అడిగేది.

"ఇంట్లో ఇది తెలియకూడని మనిషెవరైనా ఉన్నారా?"

చాలామంది నవ్వేవాళ్ళు. "నా కుక్కకు చెప్పకు," అన్నాడు టెడ్. ఇంకొకామె, "అత్తగారికి తెలిస్తే తనకూ వేయమంటుంది," అంది.

రెండో వారంలో కాన్పుల వార్డు నుంచి కొత్తగా చేరిన నర్సొకామె వచ్చింది. గ్లెనిస్ అడిగింది. ఆ అమ్మాయి నవ్వలేదు. లేరనీ అనలేదు. గోడ మీది గడియారం వైపు చూసింది, తర్వాత తలుపు వైపు చూసింది.

గ్లెనిస్ చేతిలోని సూదిని పళ్ళెంలో పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.