ఎవరికీ చెప్పొద్దన్నాడా?

బేస్తవారిపేట వైపు ఊళ్లలో పసిపిల్లలకు సూదులు వేస్తూ ముప్పై ఏళ్లు నర్సుగా పనిచేశాను. అంత తొందరగా భయపడే మనిషిని కాననుకునేదాన్ని. రిటైరై మార్కాపురంలో స్థిరపడ్డాక, ఒక ఉదయం ఆ నమ్మకం పోయింది.

మా ఆయన బంధువుల పెళ్లికి గిద్దలూరు వెళ్లారు. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. నా ఆధార్‌తో వెళ్తున్న పార్సిల్‌లో మత్తుమందు దొరికిందని ఎవరో ఫోన్ చేశారు. నాకేమీ తెలియదని చెబుతుండగానే వీడియో కాల్ వచ్చింది. యూనిఫాం వేసుకున్న మనిషి, వెనక జెండా. నా పేరు, పింఛను పడే బ్యాంకు కూడా చెప్పాడు.

"మీరు అరెస్టులో ఉన్నారు. కాల్ కట్ చేసినా, ఎవరికి చెప్పినా ఇంటికి పోలీసులు వస్తారు."

ఖాతాలో ఉన్నదంతా వాళ్లు చెప్పిన ఖాతాకు పంపితే, పరిశీలించి సాయంత్రానికి తిరిగి వేస్తారట. వీధిలో అందరూ చూస్తుండగా జీపు ఎక్కుతున్నట్టే అనిపించింది నాకు. ఫోన్‌లోంచి కొంత పంపేశాను. మిగిలింది బ్యాంకుకు వెళ్లి పంపమన్నాడు. కాల్ అట్లాగే ఉంచి, ఫోన్ చేతిసంచిలో వేసుకుని ఆటో ఎక్కాను.

బ్యాంకులో ఫారం రాస్తుంటే అంకెలు తప్పుతున్నాయి. నలభై ఏళ్ల కూలి మనిషి ఒకామె పక్కకొచ్చి తన పాసుపుస్తకం చాపింది.

"అక్కా, నాకూ ఈ ఫారం రాసిపెడతావా?" అంటూ నా ముఖం చూసి ఆగింది. "ఏందక్కా, అట్ల వణుకుతుండావు?"

నేను పెదవుల మీద వేలు పెట్టి సంచి చూపించాను. ఆమె వంగి విన్నది. గొంతు తగ్గించి అడిగింది.

"కట్ చేయొద్దన్నాడా?"

తలూపాను.

"ఎవరికీ చెప్పొద్దన్నాడా?"

మళ్లీ తలూపాను. ఆమె సంచిలోంచి ఫోన్ తీసి కట్ చేసేసింది. నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

"ఎంత పని చేసినావమ్మా. ఇంక పోలీసులు వస్తారు."

"ఎవరూ రారక్కా. నాకూ ఇట్లనే ఒకడు ఫోన్ చేసినాడు. పొదుపు గ్రూపు లోను వచ్చింది, ఫోన్‌లో పడిన నంబరు చెప్పు, ఇంట్లో మాత్రం చెప్పొద్దు అన్నాడు. చెప్పినా. మిరపకాయ కోతలకు పోయి దాచుకున్నదంతా పోయింది. మంచి చెప్పేటోడు దాచిపెట్టమంటాడా?"

ఫోన్ మళ్లీ మళ్లీ మోగింది. ఆమె నాకివ్వలేదు. చేయి పట్టుకుని మేనేజరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన ఫారం పక్కన పెట్టి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్‌కు దగ్గరుండి ఫిర్యాదు చేయించారు. వెంటనే చెప్పడం వల్ల, ముందు పంపిన దాంట్లో కొంత మధ్యలోనే ఆగింది. నెలల తర్వాత అది నా చేతికొచ్చింది. మిగతాది రాలేదు. ఆమెకు మాత్రం నా వల్ల ఆ పూట కూలి పోయింది.

తిడతారనుకున్న మా ఆయన పెళ్లి నుంచి వచ్చి అంతా విని, "ఆమె ఊరేదో అడిగినావా?" అన్నారు.

ఆమెది పెద్దారవీడు దగ్గర పల్లె. చీర తీసుకుని ఇద్దరం వెళ్లాం. చీర తీసుకుంది గానీ, నన్నింకోటి అడిగింది.

"ఆదివారం ప్రార్థనయినాక మా ఆడోళ్లకు నీ సంగతి చెప్పక్కా. నేను చెప్తే, చదువు రాందానివి కాబట్టి మోసపోయినావు అంటారు."

అంతకాలం ఆ మాట పడుతూ కూడా, ముక్కూ ముఖం తెలియని నా కోసం బ్యాంకులో తన సంగతి బయటపెట్టింది. ఆ రుణం చీరతో తీరేది కాదు. ఆదివారం వెళ్లి, చర్చి వసారాలో చాప మీద కూర్చుని ఏదీ దాచకుండా చెప్పాను. తలూపిన సంగతి కూడా.

ఎవరూ నవ్వలేదు. వెనక కూర్చున్న ఒక ముసలామె కొంగుముడి విప్పి చిన్న ఫోన్ బయటికి తీసింది.

"నాకూ మొన్నటి నుంచి ఒకడు చేస్తుండాడమ్మా. నా కొడుక్కు చెప్పొద్దంటాడు."

మేమిద్దరం లేచి ఆమె పక్కకు వెళ్లి కూర్చున్నాం.