కండక్టర్ గారి పిక్క నొప్పి

మందుల పెట్టెలో మడిచిపెట్టే కాగితాన్ని చదివేవాళ్ళే అరుదు. చదివి, అందులో రాసిన బాధలన్నీ వరుసగా తెచ్చుకునే మనిషి మాత్రం ఊపిరితిత్తుల వార్డులో, కిటికీ పక్క మంచం మీదున్న రిటైర్డ్ బస్సు కండక్టరొక్కడే.

దగ్గితే రక్తం పడుతోందని చేర్చారాయన్ని. రక్తం గడ్డకట్టి ఆగేందుకు మాత్రలు మొదలుపెట్టారు. కాగితం విప్పాడో లేదో, బస్సులో స్టాపుల పేర్లు కేకేసినట్టు కేకేశాడు.

"వికారం! వికారం వచ్చేసింది సిస్టరమ్మా!"

"మాత్ర ఇంకా మీ చేతిలోనే ఉంది కదండీ!"

"ఎక్స్‌ప్రెస్ మందమ్మా ఇది."

మధ్యాహ్నానికి కళ్ళు మసకలన్నాడు. ఆ మసక కళ్ళతోనే కాగితం అడుగున చీమల బారులా ఉన్న అక్షరాలు గడగడా చదివేశాడు. భార్య తల పట్టుకుంది.

"ఆ చదువు మానండీ, సగం రోగం తగ్గుతుంది."

"సగం దారిలో దిగడం నాకలవాటు లేదే!"

పక్క మంచం దర్జీది. అదే జబ్బు, అవే మాత్రలు, కానీ నోరు విప్పే రకం కాదు. రేపు ఇంటికి పంపేస్తామన్నారని పొద్దున్నుంచీ సంచి సర్దుకుని కూర్చున్నాడు. అంతలో కండక్టరు వార్డు దద్దరిల్లేలా అరిచాడు.

"ఎడమ పిక్క! వాచింది, కాలిపోతోంది, అడుగేస్తే ప్రాణం పోతోంది!"

సిస్టరమ్మ చేతిలో పని అక్కడే వదిలేసింది. ఈ మాత్రలతో అసలు భయం అదే. కాలి నరంలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మనిషి దక్కడు. పరుగున వచ్చి దుప్పటి లాగి చూసింది. పిక్కలు రెండూ నిక్షేపంలా ఉన్నాయి. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

"నాటకాలకీ ఓ హద్దుండాలండీ!"

"సరిగ్గా చూడమ్మా, ఎడమ పిక్క!" అంటూ కళ్ళు మాత్రం పక్క మంచం వైపు తిప్పాడు. అక్కడ దర్జీ దుప్పటిని గడ్డం దాకా లాక్కుంటున్నాడు.

సిస్టరమ్మ ఆ దుప్పటి ఎత్తింది. ఎడమ పిక్క సొరకాయలా ఉబ్బి ఉంది.

"చెబితే మందు ఆపేస్తారు, మళ్ళీ రక్తం పడుతుంది, ఇంటికి పంపరు..." గొణిగి, కండక్టరు మీద విరుచుకుపడ్డాడు దర్జీ. "చెప్పనని ఒట్టేశావు కదయ్యా!"

"నీ కాలు నొప్పని చెప్పనన్నాను. నా కాలు నొప్పని చెప్పనన్నానా?"

డాక్టరు వెంటనే స్కానింగ్ చేయించాడు. గడ్డ ఇంకా మోకాలి కిందే ఉంది. మాత్రలు ఆపి, కాలికి వైద్యం మొదలుపెట్టారు. రక్తం మళ్ళీ పడలేదు. సిస్టరమ్మ ఆనందం పట్టలేక కండక్టరు చెయ్యి పట్టుకుని ఊపేసింది.

"మరి ఆ వికారం, ఆ మసకలూ ఎవరివండీ?"

"అవి నావేనమ్మా! ఒకళ్ళకిచ్చే రకమా నేను?"

తర్వాతి వారం దర్జీ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గుమ్మం దాకా నడిచి, వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. కండక్టరు లేచి నిలబడి మంచం ఇనుపకోడు మీద దబదబా రెండు దెబ్బలేశాడు.

"రైట్ రైట్!"

వార్డంతా అందుకుంది. అందరికన్నా సిస్టరమ్మ గొంతే పైకి వినిపించింది.