కోడలి జీతానికి నేను చేసిన బేరం

మా మేడమీది ఫోను మొన్నటి నుంచి మూగబోయింది. చెడిపోలేదు. మా కోడలు రోహిణే తీగ పీకి బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆమె తప్పేమీ లేదు, వినండి.

నేను ఆ కాలపు బి.ఏ.ని. ఆ చదువు దేనికి పనికొచ్చిందంటే, బెంగళూరు చిక్కపేటలో ఒక చీరల అంగడికి సరుకు కొనడానికి. నలభై ఏళ్ళు అదే పని. దొడ్డబళ్ళాపురం నుంచి నేతగాళ్ళు మూటలతో వచ్చేవాళ్ళు. ధర చెప్పగానే మా సావుకారు పలికేవాడు కాదు. అంచు తడుముతూ కూర్చుని కాఫీ తెప్పించేవాడు. ఆ కాఫీ ఎంత చిక్కగా ఉండేదని! ఇప్పుడు ఆ హోటలున్న చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. సరే, కాఫీ మాట అలా ఉంచండి. కప్పు ఖాళీ అయ్యేలోపు ఆ మౌనం భరించలేక వాళ్ళే తగ్గించేవాళ్ళు. తగ్గకపోతే అప్పుడు నా వంతు. మౌనం సావుకారుది, కేకలు నావి.

రోహిణి సాఫ్ట్‌వేర్ పిల్ల. బిడ్డ పుట్టాక వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం మానేసింది. బస్సులో పోయి రావడానికే పొద్దు గడిచిపోతే పసిదాన్ని చూసేదెప్పుడు? ఇప్పుడు అమెరికా కంపెనీ ఒకటి, ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని పని చేస్తే చాలంటోంది. ఇది తప్పిపోతే మళ్ళీ ఆ బస్సే గతి.

"మామా, జీతం ఎంత కావాలంటే ఏం చెప్పాల? ఆఫీసుకే పోని ఉద్యోగానికి రేటెంతో ఎవరికీ తెలీదు. ముప్పై వేలంటే ఎక్కువంటారేమో!"

"అంకె నువ్వు చెప్పొద్దమ్మా. వాళ్ళ నోట్లోంచే రానీ. వచ్చినాక కూడా పలకొద్దు. ఒట్టి మౌనం!"

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. "మౌనం గురించి చెప్పేదెవరో చూడు! కూరల బండి మలుపు తిరక్కముందే జాస్తి అని అరిచే మనిషి!"

మొన్న పొద్దున్నే ఇంటర్వ్యూ. కింద హాల్లో, ఫోన్లోనే. పైదానికీ కిందదానికీ లైను ఒకటే. "మేడమీది ఫోను ముట్టొద్దు మామా" అని మరీ మరీ చెప్పింది. ముట్టకూడదనే అనుకున్నాను. కానీ పాఠం చెప్పినవాడికి శిష్యురాలి పరీక్ష చూడాలని ఉండదా? మెల్లగా రిసీవర్ ఎత్తాను. ఊపిరి వినపడకుండా తువ్వాలు కూడా కప్పాను!

అవతల ఒక పెద్దమనిషి, అమెరికా యాసలో ఇంగ్లీషు. "మీరు ఎంత ఆశిస్తున్నారు?"

"మీరే చెప్పండి సార్" అంది రోహిణి. భేష్!

"ముప్పై ఐదు వేలు."

రోహిణి పలకలేదు.

"సరే, కరెంటూ ఇంటర్నెట్టూ మీ ఖర్చే కదా. నలభై."

అప్పుడూ పలకలేదు.

"చూడండి, మీలాంటివాళ్ళు దొరకడం కష్టం. నలభై ఐదు!"

ధర పైకి పోతోందప్పా! నలభై ఏళ్ళు కొనేవాడి పక్కన కూర్చున్న నోరు నాది. అమ్మేది మా ఇంటి పిల్లే అన్న సంగతి దానికేం తెలుసు?

"అయ్యో, జాస్తి ఆయ్తప్పా! స్వల్ప కమ్మి మాడి!"

ఎక్కువైంది, కాస్త తగ్గించండి అని, చిక్కపేట బేరం కన్నడంలో. ఇక తువ్వాలేం చేస్తుంది! నా గొంతుకి అసలు ఫోనే అక్కర్లేదు, మేడ మీద నుంచి కింద హాల్లోకి మామూలుగానే వినపడింది.

అమెరికావాడికి కన్నడం రాదులే అనుకున్నాను. అవతల యాస మాయం.

"యారు సార్ మాతాడ్తా ఇరోదు?"

మాట్లాడుతున్నదెవరని అడుగుతున్నాడు. బెంగళూరువాడే!

"మా మామగారు సార్" అంది రోహిణి.

ఆయన పడీపడీ నవ్వాడు. "ఇంట్లో పెద్దవాళ్ళ మాట తీసేయకూడదు కదమ్మా. నలభైకి ఖాయం చేసుకుందాం. సోమవారం చేరిపోండి."

రోహిణి మేడెక్కి వచ్చింది. నేను తువ్వాలు మడత పెడుతున్నాను.

"ఉద్యోగం వచ్చింది కదమ్మా" అన్నాను.

"వచ్చింది మామా. నెలకి ఐదు వేలు మాత్రం మీ నోట్లోకి పోయినాయి" అంటూ ఫోను తీగ పీకింది.

ఈ పొద్దు కూరల బండి వచ్చింది. బీన్స్ కిలో పదహారన్నాడు. నోరు తెరిచాను. గుమ్మంలో రోహిణి, చంకలో పసిది. మూసేశాను. బండివాడు ఎదురుచూశాడు. నేను పలకలేదు. వాడి మొహంలో కంగారు.

"ఏం సామీ, ఒంట్లో బాగుండాదా? డాక్టరు దగ్గరికి పోయొచ్చినారా? సరే, పద్నాలుగే ఇయ్యప్పా."

చూశారా! సావుకారి విద్య ఇన్నాళ్ళకి పట్టుబడింది. మిగిలిన రెండు రూపాయలూ గర్వంగా తీసుకెళ్ళి రోహిణి చేతిలో పెట్టాను.

తీసుకుని కొంగున ముడేసుకుంది. "ఇంక నాలుగు వేల తొమ్మిది వందల తొంభై ఎనిమిది ఉండాది మామా. ఈ నెలకి."