గోడ పాడే వంతు

ల్యూషియస్ మేబ్రీ ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపాడు. పింఛను పుచ్చుకున్నాడు. పేపర్లో ఒక్కసారి కూడా పేరు పడలేదు. కానీ పందొమ్మిది వందల యాభై అయిదు చలికాలంలో, హార్లెం అనే నల్లవాళ్ల పేటలో, అతను గోడ గొంతుతో పాడాడు. ఆ ముక్క తెలియకపోతే అతని గురించి ఏమీ తెలియనట్టే.

అప్పటికి పదహారేళ్లు. నలుగురు కుర్రాళ్ల పాటల జట్టు. అందరిలోకీ లావు గొంతు ఇతనిది. జట్టుకు పేరు కూడా లేదు; ఆ రోజుల్లో పాటల జట్లు పిట్టల పేర్లు పెట్టుకునేవి, మంచి మంచి పిట్టలన్నిటినీ ముందు జట్లు తన్నుకుపోయాయి. ఉన్నదల్లా ల్యూషియస్ ఉండే బిల్డింగులో మెట్ల కింది జాగా. చుట్టూ పింగాణీ పలకల గోడలు. అక్కడ దగ్గినా దేవదూత దగ్గినట్టుండేది.

ఆ జాగా మీద పక్కవీధి జట్టు కన్నేసింది. వాళ్ల నాయకుడు క్లైడెల్ టోపీ పక్కకు వాల్చుకుని వచ్చాడు.

"శనివారం చర్చి పాటల పోటీలో తేల్చుకుందాంరా. ఓడినోళ్లు మళ్లీ ఈ మెట్ల దగ్గరికి రాకూడదు."

"మా అమ్మ అయిదో అంతస్తులో ఉంటుంది. నేను తాడు పట్టుకుని ఎక్కాలా?"

"పాడ్డానికిరా, తింగరోడా!"

"సరే పో!" అనేశాడు ల్యూషియస్, మిగతా ముగ్గురినీ అడక్కుండానే.

శనివారం సాయంత్రం చర్చి కింది హాలు కిక్కిరిసింది. మందపాటి తెరలు, చెక్క నేల, ఉన్ని కోట్లేసుకున్న జనం. జట్టులో ముందు పాడే వెర్నెల్ సన్న గొంతుతో ఎత్తుకున్నాడు. మొదటి వరుస అయింది. నలుగురూ ఆగారు. రోజూ అక్కడ ఆగేవాళ్లు. గోడ తిరిగి పలికేది, ఆ పలుకు సన్నగిల్లగానే రెండో వరుస అందుకునేవాళ్లు. అయిదు నెలల్లో ఒక్కడికీ తట్టలేదు, అయిదో గాయకుడు గోడేనని.

తెరలు కప్పిన ఈ హాల్లో గోడ ఉలకలేదు, పలకలేదు.

"పాట మింగేశార్రోయ్!" అని అరిచాడు క్లైడెల్. హాలంతా ఘొల్లుమంది.

వెర్నెల్ ఎలాగో రెండో వరుస లాగాడు. మళ్లీ అదే ఖాళీ. మెట్లు పోయినట్టే, అదీ ల్యూషియస్ నోటి దూల వల్లే. అయితే పాటలో ఈ చోట గోడ ఏమనేదో అతనికి కంఠతా వచ్చు. నోరు తెరిచి అదే అన్నాడు:

"దుం... దుం... దుం..."

ఒకదాని కన్నా ఒకటి మెత్తగా. ముందు వరుసలో ఈకల టోపీ పెద్దావిడ తొడ చరిచింది. "పాడు నాయనా, పాడు!"

మూడో వరుసకు మిగతా ఇద్దరూ అతనితో గొంతు కలిపారు. చెక్క నేల మీద జనం కాళ్లు దడదడలాడాయి. గెలుపు తేల్చేది చప్పట్లే. అవి ఎంతకీ ఆగలేదు. క్లైడెల్ టోపీ తిన్నగా పెట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు మెట్ల కింద అదే పాట. ల్యూషియస్ "దుం" అనగానే గోడా "దుం" అంది. అంతా కలగాపులగం.

"ఒరేయ్, ఇప్పుడెవరో ఒకరు నోరు మూసుకోవాల్రా," అన్నాడు వెర్నెల్.

ల్యూషియస్ గోడ మీద అరచేత్తో ఒక్కటిచ్చాడు. "దాన్ని మూసుకోమను. ఆ వంతు నాది."