జెండా ఊపినాయన, పరిగెత్తిన పిల్ల

నేను చదివింది ఏడో తరగతి. పేపరుకు రాసే పని నీకెలా వచ్చిందని ఇప్పటికీ అడుగుతుంటారు. మా ఆయన రాజోలులో పేపరు ఏజెంటు. జిల్లాకు విడిగా పేజీలు పెట్టిన తొంభైల్లో, ఊరి వార్తలు కూడా ఏజెంటే చూసుకోవాలనేవారు. ఆయనకేమో రాయడమంటే బద్ధకం. ఎక్కడేం జరిగిందో అన్నం వడ్డిస్తూ నేను పూసగుచ్చినట్టు చెబుతుంటే, "ఆ చెప్పేదేదో కాగితం మీద పెట్టెయ్యి" అన్నారు. అలా మొదలైంది.

హత్యలు, ఎన్నికలు, తాటిపాక గ్యాసు సంగతులు మగ విలేకరులు పంచేసుకున్నారు. అమలాపురం ఆఫీసులో ఉండే పెద్ద విలేకరి నాతో ఎంతో మర్యాదగా అన్నారు: "ఎగరడాలూ పరిగెత్తడాలూ మీరు చూసుకోండమ్మా. ఆడవాళ్ళకి నప్పుతాయి." ఆయ్ అన్నాను. కూచిపూడి ప్రదర్శనలు, తీర్థాల్లో గరగ నృత్యాలు, కాలేజీ పరుగు పందేలు, రెండు వేల సంవత్సరం దాటాక ఊరూరా వెలిసిన జిమ్ముల ప్రారంభోత్సవాలు, అన్నీ నావే. ఉద్యోగం కాదు, జీతం లేదు. గజ్జెలు కట్టుకున్న పిల్లలు వేదిక పక్కన ముఖాన రంగు కారిపోతూ నిలబడి ఉండేవారు. పెద్దలకు శాలువాలు కప్పడం అయితే గానీ వాళ్ళ ఆట మొదలయ్యేది కాదు. నేనూ వాళ్ళతోపాటే నిలబడేదాన్ని.

ఒక ఏడు ఓ క్లబ్బువాళ్ళు ఆరోగ్యం కోసమని రాజోలు నుంచి తాటిపాక దాకా పరుగు పెట్టారు. ఆదివారం పొద్దున్న. ఆడపిల్లల్లో మొదట వచ్చింది కొబ్బరి దింపులు తీసే ఒకాయన కూతురు. స్కర్టు కింద తమ్ముడి నిక్కరు వేసుకుని, చెప్పుల్లేకుండా పరిగెత్తింది. మగపిల్లల్లో చాలామంది ఆమె వెనకే వచ్చారు. నేను పలకరించేసరికి అరికాలికి అంటిన తారును కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంటోంది.

విశాఖపట్నంలో ఆటల హాస్టలుంది, ఆ వారంలోగా చేరితే సీటిస్తారని వాళ్ళ డ్రిల్లు మాస్టారు చెప్పారట. తండ్రికి పంపాలని ఉంది. ఆయన అన్నగారు చర్చిలో సంఘపెద్ద. ఆయన ఒప్పుకోనిదే ఆ ఇంట్లో ఏదీ జరగదు. ఆదివారం ప్రార్థన మాని ఆడపిల్లకు పరుగులేమిటని ఆయన పట్టు.

ఆ మధ్యాహ్నమే తండ్రి నా దగ్గరకొచ్చి, గుమ్మం బయటే నిలబడ్డాడు.

"అమ్మా, మా అన్నయ్య నా మాటినడండి. అచ్చులో పడితే ఇంటాడండి. పిల్ల పేరు పడితే చాలండి, నాది అక్కర్లేదు."

పడుతుందన్నాను. ఎందుకు పడదు? మొదటి వాక్యంలోనే పిల్ల పేరు పెట్టి, కవరు సాయంత్రం బస్సు డ్రైవరుకిచ్చి పంపాను.

మర్నాడు జరిగింది పిల్ల తండ్రే తర్వాత చెప్పాడు. తెల్లారకుండానే అన్నగారిని టీకొట్టుకు తీసుకెళ్ళి కూర్చోబెట్టి, కొట్టాయన చేత పేపరు చదివించాడట. జెండా ఊపినాయన పేరొచ్చింది. క్లబ్బు అధ్యక్షుడు, కార్యదర్శి, అరటిపళ్ళు ఇచ్చినాయన, మజ్జిగ పోయించినాయన, అందరూ వచ్చారు. "తదితరులు పాల్గొన్నారు" అని అయిపోయింది. ఫొటోలో జెండా, దాన్ని పట్టుకున్నాయన. వెనకాల ఎవరివో మోచేతులు. మళ్ళీ చదవమని ఈయన అడిగాడట. కొట్టాయన మళ్ళీ చదివాడు.

"నీ కూతురు తదితరుల్లో పరిగెత్తిందంట్రా. ప్రార్థన మాని మరీ పరిగెత్తింది" అని అన్నగారు టీ తాగి లేచి వెళ్ళిపోయారట.

నేను అమలాపురం వెళ్ళాను. పెద్ద విలేకరి కుర్చీ వేయించి, టీ తెప్పించారు.

"మీరు రాసిందాంట్లో తప్పేం లేదమ్మా. చోటు చాల్లేదు. కింద నుంచి కోసేస్తాం కదండి."

"నేను పిల్ల పేరు పైనే పెట్టేనండి."

"అందుకే డెస్కువాళ్ళు దాన్ని కిందకి దింపేరు. జెండా ఊపినాయన మనకి ప్రకటనలిస్తారండి. పరిగెత్తినోళ్ళు ఏమిస్తారు?"

కోపం లేదు, వెటకారం లేదు. లెక్క చెప్పినట్టు చెప్పారు. రేపో ఎల్లుండో చిన్న ముక్క వేద్దామన్నారు. పేపరు కట్టలు ఊళ్ళో మొదట దిగేది మా ఇంటి ముందే. ఆ వారమంతా కట్ట విప్పీ విప్పగానే వెతికాను. రాలేదు. హాస్టలు గడువు దాటిపోయింది. పిల్లను రొయ్యల షెడ్డులో పనికి పెట్టారు. పొద్దున్న నుంచి సాయంత్రం దాకా ఐసు నీళ్ళలో నిలబడే పని.

మరుసటేడు మళ్ళీ పరుగు. ఆ పిల్లను ఎలాగైనా తీసుకురండి, బూట్లు మేమే కొనిపెడతాం, ఈసారి ఫొటో కూడా ఉంటుంది అని క్లబ్బువాళ్ళు నన్ను పంపారు. నేను వెళ్ళేసరికి పిల్ల పెరట్లో నిమ్మడిప్పతో చేతులు రుద్దుకుంటోంది. రొయ్యల వాసన ఒక పట్టాన పోదు. విషయం చెప్పాను. తల ఎత్తకుండా అంతా విన్నది.

"పరిగెత్తగలనండి అక్కగారూ, ఓపికుంది. కానీ వద్దులెండి. మళ్ళీ మా నాన్న తెల్లారకుండా వెళ్ళి ఆ టీకొట్టు దగ్గర కూర్చుంటాడు" అంది. అని, నన్ను నులక మంచం మీద కూర్చోమని, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.